నల్గొండలో ఒక కటింగ్ షాపు: గడ్డానికి 5 స్టార్లు, టవల్‌కి 1

ముందే చెప్తున్నా, ఇది ఏసీ సెలూన్ కాదు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర బండి ఆపి సందులోకి నాలుగడుగులు వేస్తే వస్తుంది. పేరు రాసిన బోర్డు ఉంది కానీ ఎండకి అక్షరాలు వెలిసిపోయాయి, ఇక్కడ రాస్తానంటే షాపు నడిపే అన్న కూడా వద్దన్నాడు. "పేరు రాస్తే ఏదో ఒక పార్టీ పోరగాడు వచ్చి షాపు ముంగట ఫ్లెక్సీ కడతడు, నాకెందుకు తమ్మీ" అన్నాడు. కాబట్టి పేరు లేదు, ఫొటో లేదు, రివ్యూ మాత్రం ఉంది.

కుర్చీలు రెండు. ఒకటి అన్నది, రెండోది ఆయన మేనల్లుడిది. కటింగ్ 100, షేవింగ్ 50, పిల్లలకి 80, తలకి రంగు వేస్తే మన ప్యాకెట్ మనమే తెచ్చుకోవాలి. మేనల్లుడు పక్కలు మంచిగా తీస్తాడు, మధ్యలో మాత్రం ఎవరు ఏం చెప్పినా తనకు నచ్చిన హీరో కటింగే వేస్తాడు, నాకు నలభై దాటాయిరా బాబు అని మొత్తుకున్నా వినడు. అన్న కుర్చీ దొరికితేనే కూర్చోండి. ఆయన షేవింగ్ గురించి చెప్పాలంటే, బ్రష్‌తో నురగ ఎక్కించడానికే మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు, కత్తి ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియదు, ఆఖర్న పటిక రుద్దుతాడు, అది మండుతుంది, మండితేనే నాకు షేవింగ్ అయినట్టు. టవల్ మాత్రం ఘోరం. ముందు కూర్చున్నవాడి తడి ఇంకా దాని మీదే ఉంటుంది. ఇన్నేళ్ళుగా చెప్తున్నాం, "రేపు కొత్తయి తెస్త" అంటాడు, ఆ రేపు ఇంకా రాలేదు. మీ టవల్ మీరు తీసుకుపోండి.

సరే, యాభై రూపాయల గడ్డానికి ఇంత పెద్ద రివ్యూ ఎందుకని అడగొచ్చు. ఈ షాపులో నేను చూసింది ఇంకెక్కడా చూడలేదు, అందుకు. కారు పార్టీ వాళ్ళు, చెయ్యి పార్టీ వాళ్ళు, పువ్వు పార్టీ వాళ్ళు, ఎర్రజెండా ముసలోళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని అరుచుకుంటారు, మళ్ళీ నెల తిరగ్గానే అదే బెంచీ మీదికి వస్తారు. మా ఇంట్లో ఇది జరగలేదు. అందుకే నాకు వింత.

నాది మునుగోడు పక్కన ఊరు. 2022 నవంబర్ 3న మాకు ఉప ఎన్నిక. ఆ నెల రోజులు అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు, గల్లీకి ఒక లీడరు, ఊరికి ఒక మంత్రి, పొద్దున లేస్తే ఏ కండువా వాడు వాకిట్లో నిలబడి ఉంటాడో తెలియదు. వందకి 93 మంది ఓటేశాం. కారు గుర్తు మీద కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి పది వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు, పువ్వు గుర్తు మీద కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఓడిపోయారు. అసలు ఆ ఎన్నిక వచ్చిందే ఎందుకంటే, 2018లో చెయ్యి గుర్తు మీద గెలిచిన రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టులో రాజీనామా చేసి బీజేపీలోకి పోయారు కాబట్టి. 2023లో ఆయన మళ్ళీ కాంగ్రెస్‌లోకి వచ్చి అదే మునుగోడులో గెలిచారు. మా నాన్న చిన్నప్పటి నుంచి ఎర్రజెండా, 2022లో కమ్యూనిస్టులు టీఆర్ఎస్‌కి మద్దతిచ్చారని కారుకి వేశాడు, 2023లో సీపీఐ కాంగ్రెస్‌తో కలిసిందని చేతికి వేశాడు, రెండుసార్లూ ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా పడుకున్నాడు.

నాది ఏ గుర్తో చెప్పను, చెప్తే ఇక్కడితో చదవడం ఆపేసేవాళ్ళు సగం మంది ఉంటారు. మా బావది (అక్క మొగుడు) ఇంకో గుర్తు. అప్పుడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో బావ రోజుకి పది పెట్టేవాడు, అన్నీ రెండు బాణాల గుర్తు ఉన్నవే, అంటే ఇప్పటికే ఊరంతా తిరిగి వచ్చినవి. అట్లాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పోయేటట్టు వాట్సాప్ వాళ్ళు 2020లోనే కట్టడి పెట్టారు, అయినా బావ ఓపికగా ఒక్కొక్క గ్రూపుకి ఒక్కొక్కసారి పంపేవాడు. ఒకరోజు రాత్రి నాకు తిక్క లేచి "ఎంతకి అమ్ముడుపోయినవ్ బావా" అని గ్రూపులో పెట్టేశాను. నలభై మంది చూశారు. చిన్నమ్మలు, మేనత్తలు, అక్క అత్తగారు కూడా. ఐదు నిమిషాల్లో బావ గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. డిలీట్ చేశాను కానీ చదవాల్సినవాళ్ళు అప్పటికే చదివేశారు.

మరుసటి ఏడు రాఖీకి అక్క వచ్చింది. బావ బండి మీద వీధి మూల దాకా తెచ్చి, ఇంజన్ ఆపకుండా అక్కడే నిలబడ్డాడు. అక్క నాకు రాఖీ కడుతుంటే ఆ బండి చప్పుడు వినపడుతూనే ఉంది. దసరాకి జమ్మి పెట్టడానికి కూడా రాలేదు. మా దగ్గర జమ్మి అంటే తెలుసు కదా, ఏడాదంతా కొట్లాడుకున్నవాళ్ళు కూడా ఆ సాయంత్రం బంగారం అని ఆకు చేతిలో పెట్టి కావలించుకుంటారు. హైదరాబాద్‌లో బండారు దత్తాత్రేయ గారు 2005 నుంచి దసరా తర్వాత అలయ్ బలయ్ పెడుతున్నారు, అన్ని పార్టీల పెద్దలూ వస్తారు, పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటారు, టీవీలో చూస్తాం. ఇక్కడ మేం జెండా మోసినవాళ్ళం, మా జమ్మి ఆకు జేబులోనే ఎండిపోయింది.

షాపు సంగతికి వస్తా.

అన్న కత్తి మీది నురగ తుడవడానికి పాత పేపరు ముక్కలు వాడతాడు, కటింగ్ షాపుల్లో మామూలే. కానీ ఈయన ఒక పని చేస్తాడు, చాలా రోజులకి గానీ నేను గమనించలేదు. పొద్దున షాపు తెరవగానే నిన్నటి పేపర్లన్నీ ముందర పెట్టుకుని లీడర్ల ఫొటోలున్న పేజీలు తీసి పక్కన పెడతాడు. టెండర్ ప్రకటనలు, కాలేజీ యాడ్లు, భూముల అమ్మకాలు, రాశిఫలాలు, ఇవే ముక్కలు చేసి మేకుకి గుచ్చుతాడు. ఎందుకన్నా అంటే, ఒకసారి ఎవరి లీడరు మొహం మీదో నురగ తుడిచాడట, బెంచీ మీద ఉన్నతను లేచి "నువ్వు కావాలనే చేసినవ్" అని గొడవ పెట్టుకున్నాడట. అప్పటి నుంచి ఈ పద్ధతి. "కర్కాటక రాశోళ్ళు ఎవరూ ఇంకా కొట్లాటకు రాలే" అంటాడు.

పేపర్లు మాత్రం నాలుగు తెప్పిస్తాడు. ఏ పేపరు ఏ పార్టీ వైపో మన దగ్గర పసిపిల్లని అడిగినా చెప్తుంది. ఒకే వార్త నాలుగు పేపర్లలో నాలుగు రకాలుగా ఉంటుంది, వరుస ఎక్కువున్న రోజు నాలుగూ చదివితే నాలుగు రాష్ట్రాలు తిరిగొచ్చినట్టుంటుంది. టీవీ ఉంది, న్యూస్ పెట్టడు. మ్యాచో పాత పాటలో నడుస్తుంటాయి. న్యూస్ పెడితే టీవీలో వాళ్ళు అరుస్తారు, వాళ్ళని మించి బెంచీ అరుస్తుంది, "నా చెయ్యి వణుకుతది, మెడ నీదే" అంటాడు.

ఆ టీవీ పక్కన ఒక మేకు, దానికి క్యాలెండర్. ఆ మేకుకి ఇంతకు ముందు "ఇచట రాజకీయములు మాట్లాడరాదు" అని బోర్డు ఉండేదట. ఉప ఎన్నికప్పుడు లొల్లి భరించలేక రాయించి తగిలించాడట. నెల కూడా ఉండలేదు. ఎందుకు తీసేశావు అంటే ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. మాట్లాడొద్దు అనేసరికి వచ్చినవాళ్ళు ఫోన్లు తీసి కూర్చున్నారట, ఒకరి మొహం ఒకరు చూడలేదట. "మాట్లాడకపోతే మంచిగైతరనుకున్న, శవం లేచిన ఇల్లు లెక్క అయింది షాపు. మనసుల పెట్టుకుని కూసున్నరు. గంత కంటె తిట్టుకున్నదే నయం." అయినా 1952లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డికి వేసిన జిల్లా ఇది, రాజకీయం మాట్లాడొద్దని బోర్డు పెడితే ఎవడు వింటాడు.

బోర్డు తీసేశాక ఆయనకి తెలిసో తెలియకో ఒక పద్ధతి తయారైంది. కుర్చీలో ఉన్నవాడి మొహానికి నురగ పెట్టాక వాడు మాట్లాడలేడు, తల ఊపలేడు, కళ్ళు మాత్రం అద్దంలో. అప్పుడు బెంచీ మీద ఉన్న అవతలి పార్టీ వాడికి అన్న అందిస్తాడు, "ఇప్పుడు చెప్పు కాకా, నువ్వేదో అంటుంటివి." పది నిమిషాలు కాకా చెప్తాడు, కుర్చీలో ఉన్నవాడు వినాలి, వేరే దారి లేదు, కత్తి గొంతు మీద ఉంది. షేవింగ్ అయ్యాక వీడు బెంచీ మీదికి, కాకా కుర్చీలోకి. ఇప్పుడు వీడి వంతు. ఇంకోటి, ఇద్దరూ ఒకరినొకరు నేరుగా చూసుకోరు, అద్దంలో చూసుకుంటారు. నేరుగా చూస్తే వచ్చే కోపం అద్దంలో చూస్తే సగమే వస్తుంది. ఎందుకో నాకు తెలియదు, మీరే పోయి చూడండి.

ఇంకో అలవాటు కూడా ఉంది, అసలైనది అదే అనుకుంటా. ఎవరైనా "జనం అందరూ" అని మొదలుపెట్టగానే అన్న కత్తి ఆపి "జనం సంగతి ఇడిసిపెట్టు, నీకేమైంది" అంటాడు. 2024లో రుణమాఫీ జరిగిన రోజుల్లో నేనక్కడే ఉన్నా. ఒకాయన అందరికీ మాఫీ అయింది అంటాడు, ఇంకొకాయన ఒక్కడికి కూడా కాలేదు, అంతా అబద్ధం అంటాడు. ఇద్దరివీ మెడ నరాలు లేచాయి. అన్న ఒకటే అడిగాడు, "నీకయిందా? నీకు కాలేదా?" మొదటాయనకి లక్షా చిల్లర అప్పు, అయిపోయింది. రెండో ఆయనకి భార్య పేరు మీద, తన పేరు మీద కలిపి రెండు లక్షలు దాటింది, ఆగిపోయింది, బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. ఇద్దరిదీ నిజమే. అప్పుడు మొదటాయన "మా తోడల్లుడిది కూడా గట్లనే ఆగింది, ఫలానా కాగితం పెట్టుమన్నరు" అని చెప్పడం మొదలుపెట్టాడు. పార్టీ సంగతి ఎక్కడికి పోయిందో తెలియదు, కాగితాల సంగతి నడిచింది అరగంట. భూముల ధరణి పోర్టల్ గురించి కూడా అంతే, ఒకాయనకి పదిహేను నిమిషాల్లో రిజిస్ట్రేషన్ అయిందట, పక్కాయన భూమి నిషేధిత జాబితాలో పడి ఏళ్ళు గడిచాయట. వాళ్ళిద్దరూ అంతకు ముందు ఒకరినొకరు అమ్ముడుపోయావని అనుకునేవాళ్ళు. నేను బావని అన్నట్టే.

ఇదే మాట మా పెద్దమ్మ మనవడు అమెరికా నుంచి వచ్చినప్పుడు చెప్తే వాడు నవ్వాడు. అక్కడ దీన్ని చదువులాగా చదువుతున్నారట. 2016లో సైన్స్ పత్రికలో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు రాశారు, మయామీలో ఇంటింటికీ పోయి ట్రాన్స్‌జెండర్ల గురించి జనంతో ఒక పది నిమిషాలు మాట్లాడితే చిన్నచూపు తగ్గిందని, మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉందని. పోయినవాళ్ళు వాదన పెట్టుకోలేదట, నిన్ను ఎప్పుడైనా ఎవరైనా వేరుగా చూశారా, అప్పుడు నీకెట్లనిపించింది అని అడిగారట. పది నిమిషాలు. మా అన్న షేవింగ్‌కి కూడా అంతే పడుతుంది.

వాడే ఇంకోటి చెప్పాడు. మీ పిల్లకో పిల్లగాడికో అవతలి పార్టీ ఇంటి సంబంధం వస్తే బాధపడతారా అని అమెరికాలో 1960లో అడిగితే వందలో అయిదుగురే అవునన్నారట, 2010లో అడిగితే రిపబ్లికన్లలో సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు అవునన్నారట. వింటుంటే నాకు నవ్వొచ్చింది, మన దగ్గర సంబంధం మాట్లాడేటప్పుడు పార్టీ ఎవరడుగుతారు, అడిగేది వేరే ఉంది, అది తేలాకే కదా మిగతా ముచ్చట. ఆ ఒక్క విషయంలో అన్ని పార్టీల వాళ్ళదీ ఒకటే మాట.

అన్నది ఏ పార్టీ అని చాలామంది పట్టుకుని అడుగుతారు. ఆయన చెప్పే జవాబు ఇది: "సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఫ్రీ ఇచ్చినోళ్ళు ఒకరు. ఇంటికి 200 యూనిట్లు ఫ్రీ ఇచ్చినోళ్ళు ఇంకొకరు. కరోనా కాంచి మా అమ్మకు బియ్యం ఫ్రీ అని ఢిల్లీ వాళ్ళు అంటరు. ఎవల పేరు చెప్పమంటవ్, చెప్పు, గదే చెప్త." మొదటిది కేసీఆర్ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి ఇచ్చింది, రెండోది రేవంత్ రెడ్డి ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. ఓటు ఎవరికి వేస్తాడో ఆయన భార్యకి కూడా తెలియదంటాడు.

ఆదివారం పొద్దున పోతే ఒక పెద్దాయన కనిపిస్తాడు, మర్రిగూడ వైపు మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. ఆయన షేవింగ్ చేయించుకోడు, గడ్డం ట్రిమ్మింగే, కానీ గంట కూర్చుంటాడు. ఆయన దగ్గర ఒకటే కథ, 1996 ఎంపీ ఎలక్షన్. మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, ఆ సారి నల్గొండ లోక్‌సభకి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోతున్నాయి, ఎముకలు పట్టేస్తున్నాయి, మా గోస ఢిల్లీకి వినపడాలంటే ఏం చెయ్యాలని అందరూ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. తర్వాత జరిగిన ఎన్నికలో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఆ దెబ్బకే ఆ ఏడు డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. పెద్దాయన చెప్పేది ఏంటంటే, తమ ఊరి నుంచి నామినేషన్ వేయడానికి పోయినవాళ్ళలో ఒకరితో ఒకరికి మాటల్లేని మనుషులు కూడా ఉన్నారని, ఒకే జీపులో పోయారని. "మాటల్లేవు గని జీపు కిరాయి కలిపి ఇచ్చినం" అంటాడు. ప్రతి ఆదివారం చెప్తాడు. విసుగొస్తుంది కానీ ఆ కిరాయి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతా.

బెంచీ మీద పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసే ఒక సారు కూడా ఉంటాడు. 2024లో మహబూబ్‌నగర్‌లో డీకే అరుణ గెలిచింది 4,500 ఓట్లతో, అదే ఎన్నికలో మా నల్గొండలో కుందూరు రఘువీర్ రెడ్డికి అయిదున్నర లక్షలు దాటిన మెజారిటీ. ఆ సారు అంటాడు, "మీకేం సార్, మీరు అవతలోడితో మాట్లాడకపోయినా నడుస్తది. మా దగ్గర సగం సగం. పాలు పోసేటోడు అవతలి పార్టీ, మోటరు బాగుచేసేటోడు అవతలి పార్టీ. అలిగితే తెల్లారి చాయ్ ఉండదు." ఇది సరదాకి అన్నాడో నిజంగానే అన్నాడో గానీ ఇంటికొచ్చాక కూడా ఆలోచించా.

అంతా బాగుందని రాస్తే అది రివ్యూ కాదు. ఈ పద్ధతి ఫెయిల్ అవ్వడం కూడా నేను కళ్ళారా చూశాను. 2023 అసెంబ్లీ ఎన్నికలకి వారం ముందు, ఒక కుర్రాడు కుర్చీలో ఉన్నాడు. కుడి బుగ్గ అయిపోయింది, ఎడమ బుగ్గ మీద నురగ. బెంచీ మీద నుంచి ఎవరో వాళ్ళ లీడరు గురించి ఇంటి మాట ఒకటి ఎత్తారు, రాజకీయం కాదు, ఇంటి మాట. కుర్రాడు మెడకి కట్టిన బట్ట పీకేసి, నురగతోనే లేచి, బండెక్కి పోయాడు. సగం గడ్డం. అన్న కత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మర్నాడు పొద్దున షాపు తెరవకముందే ఆ కుర్రాడు షట్టర్ దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడట, లోపలికి వచ్చాక కూడా తీయలేదట. ఎడమ బుగ్గ చేసినందుకు అన్న డబ్బులు తీసుకోలేదు. ఆ మాటన్న మనిషిని మాత్రం మళ్ళీ బెంచీ మీద కూర్చోనివ్వలేదు, "నీ ఇంటికే వచ్చి చేస్త, ఈడికి రాకు" అన్నాడు. అంటే ఈ షాపులో కూడా ఒక గీత ఉంది. లీడరుని తిట్టొచ్చు, పథకాన్ని తిట్టొచ్చు, వాళ్ళ ఇంట్లోవాళ్ళ జోలికి పోతే మాత్రం ఊరుకోడు.

ఇంకో లోటు. ఇక్కడ అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ ఫ్రీ బస్సు గురించి గంటల గంటలు చర్చ నడుస్తుంది, ఆ బస్సు ఎక్కే మనిషి ఒక్కతె కూడా అక్కడ ఉండదు. "నీకేమైంది" అని అన్న అడిగితే చెప్పడానికి ఎవరికీ ఏమీ లేదు, సీటు దొరకలేదు అని తప్ప. మా అక్క ఆ బస్సులోనే నెలకి రెండుసార్లు అమ్మని చూడటానికి వస్తుంది, ఇంతకు ముందు రెండు నెలలకి ఒకసారి వచ్చేది. ఈ మాట నేను అక్కడ చెప్పాను, ఒక్క క్షణం అందరూ ఆగారు, తర్వాత మళ్ళీ సీట్ల సంగతే. మరొకటి, అన్ని కులాలవాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుంటారు కదా అని ఒకసారి నేను గొప్పగా అంటే, పక్కన ఉన్న ఒకాయన మెల్లగా అన్నాడు, "మా నాయిన ఊళ్ళె కటింగ్ చెయ్యరని నల్గొండకు నడిచొస్తుండె." అన్న కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు, "మా నాయిన చేసిన తప్పే అది" అన్నాడు. ఎవరూ ఏం మాట్లాడలేదు. పార్టీల మధ్య మాటలు కలపడం కన్నా పాతవి, పెద్దవి చాలా ఉన్నాయి ఊళ్ళల్లో.

ఇక 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలప్పుడు. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తులు ఉండవు కదా, ఉంగరం, కత్తెర, బ్యాటు, ఇట్లాంటివి ఇస్తారు. కత్తెర గుర్తు వచ్చినవాళ్ళ మనుషులు వచ్చి అన్నతో ఫొటో దిగుతామంటే తరిమేస్తున్నాడు, షాపంతా నవ్వులు. నేను లోపలికి పోయేసరికి అన్న కుర్చీలో ఒకాయన, మొహం నిండా నురగ. బెంచీ మీద కూర్చుని అద్దంలోకి చూశాను. బావ.

మూడేళ్ళు. బావ కూడా నన్ను చూశాడు, అద్దంలో. లేవబోయాడు, అన్న భుజం మీద చెయ్యి వేసి "కదలకు పటేలా, తెగుతది" అన్నాడు. ఆయనకి అంతా తెలుసు, ఒకరోజు నేనే చెప్పుకున్నా. నా వైపు తిరిగి "ఏం తమ్మీ, నీదేదో ఉండె గదా చెప్పేది" అన్నాడు. బెంచీ మీద ఇంకో నలుగురు ఉన్నారు. నాకు చెమట పట్టింది. రాజకీయం మాట్లాడటం ఈజీ, ఇది కాదు. "బావా, ఆ రోజు గ్రూపులో నేనన్నది తప్పు. నీ దగ్గర ఎవడి పైసా లేదని నాకు తెలుసు. నా అప్పుకి షూరిటీ పెట్టింది నువ్వే" అన్నా, ఇంకేదో అనబోయాను, రాలేదు. బావ కళ్ళు అద్దంలో నా మీదే ఉన్నాయి, నోరు తెరిచే వీలు లేదు. అన్న గొంతు కింద కత్తి పెట్టి పైకి లాగుతున్నాడు, నురగ తీసి కాలేజీ యాడ్ మీద తుడుస్తున్నాడు, చాలా మెల్లగా, కావాలనే మెల్లగా చేశాడని నా అనుమానం. పటిక రుద్దాక బావ మొదటిసారి నోరు తెరిచి "మండుతుంది" అన్నాడు, అన్నతో. తర్వాత ఆ తడి టవల్‌తో మొహం తుడుచుకుంటూ, అద్దంలోకే చూస్తూ, "బోరు ఎన్ని ఇంచులు పోస్తుందిరా ఇప్పుడు?" అన్నాడు.

"ఇంచున్నర, బావా."

"వరి వెయ్యకు మరి." అని లేచాడు. లేచి 200 నోటు ఇచ్చి, "ఆయనది కూడా పట్టుకో" అన్నాడు. నాది కటింగే, లెక్క ప్రకారం యాభై వాపసు రావాలి, తీసుకోలేదు. బండి చప్పుడు విన్నాను, ఈసారి స్టార్ట్ చేయడానికి కాస్త టైం పట్టింది.

గ్రూపులోకి ఇంకా రాలేదు. పార్టీల గురించి ఇప్పటికీ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. బోరు గురించి మాత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు.

పోదలచుకున్నవాళ్ళకి: మంగళవారం బంద్. ఆదివారం పోతే గంటన్నర ఆగాలి, 1996 కథ వినాలి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఖాళీగా ఉంటుంది, కానీ అప్పుడు బెంచీ కూడా ఖాళీయే. ఫోన్‌పే నడుస్తుంది, చిల్లర ఉండదు. మేనల్లుడి కుర్చీలోకి రమ్మంటే "అన్న దగ్గరే చేయించుకుంటా" అనండి, వాడేం అనుకోడు. టవల్ మర్చిపోకండి.